చిక్కమునియప్ప రాయించిన వార్త

చిక్కమునియప్ప వీధిలోకి వస్తుంటే తలుపులు వేసుకునేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. సర్జాపుర చుట్టుపక్కల పల్లెలకు చావు కబురు మోసే మనిషి ఆయన. భుజాన నల్ల కంబళి, చంకలో కర్ర. పెద్ద వీధిలో అడుగు పెట్టగానే కాళ్ళ చెప్పులు చేతిలోకి వచ్చేవి. ఆ ఆకారం వీధి మొగలో కనబడితే చాలు, చెరుగుతున్న చేటలు ఆగిపోయేవి. మా ఇంటి ముందు మాత్రం ఆగకూడదు దేవుడా అని ఇల్లిల్లూ అనుకునేది. ఆగిన ఇంటి గడప ఆయన తొక్కడు. కూర్చోడు. దాహం అడగడు. వీధిలోనే నిలబడి ఊరి పేరు, పోయినవాళ్ళ పేరు, ఎప్పుడు ఎత్తుతారో చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతాడు. చావు కబురు తెచ్చినవాడు గడప దాటితే చావు కూడా వెంట వస్తుందని మా పక్క నమ్మకం.

అట్లాంటి మనిషిని తెచ్చి నా పత్రికకు విలేకరిగా పెట్టుకున్నాను. 1946 ఎండాకాలం అది.

యుద్ధం అయిపోయిందన్నారు గాని రేషను అయిపోలేదు. ఇంటర్ చదివిన చదువుకు పట్నంలో, బళేపేటలోని ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని దొరికింది, ఆరేళ్ళు దిద్దాను. నేను దిద్దిన పేపర్లలో సిమ్లాలో ఎవరెవరు కూర్చుని మాట్లాడుకున్నారో ఉండేది. సర్జాపుర సంతకు రాగులు వచ్చాయో లేదో, బొగ్గుతో నడిచే దేవనహళ్ళి బస్సు ఏ మిట్ట ఎక్కలేక నిలిచిపోయిందో, ఏ ఊళ్ళో ఎద్దులకు గాలికుంటు తగిలిందో ఉండేది కాదు. ఉగాదికి ఉద్యోగం మానేశాను. మిలిటరీవాళ్ళు వేలం వేసిన సైక్లోస్టైల్ యంత్రం ఒకటి తెచ్చుకున్నాను. మైనపు కాగితం మీద చేత్తో రాసి, సిరా పూసి, పిడి తిప్పుతుంటే ఒక్కొక్క కాగితమే ఊడిపడుతుంది. వారానికొక కాగితం, రెండు వైపులా. మాట తెలుగు, అక్షరాలు కన్నడవి. మా పల్లె బడుల్లో నేర్పేది ఆ అక్షరాలే. పేరు 'నాలుగూళ్ళ కబురు'.

పట్నం అంచున మడివాళలో కూరగాయల బళ్ళు ఎద్దులను విప్పుకునే చోట, రోడ్డు పక్కనే మా బావ ఓబళప్పకు రెండు గదుల ఇల్లు ఉండేది. ఆయన బిల్లనపల్లి పటేలు. ఆ ఇల్లు నాకు ఇప్పించింది మా అక్క సొన్నమ్మ. అమ్మ పోయాక నన్ను చంకన వేసుకుని పెంచిన అక్క. ఆమె అడిగితే బావ కాదనడు, అట్లని నాలుగు మాటలు అనకుండా ఇవ్వడు.

"బంగారట్లాంటి ఉద్యోగం ఇడిసిపెట్టి ఊర్ల మాటలు రాస్తాడంట మీ తమ్ముడు," అన్నాడు తాళంచెవి నా చేతిలో పెడుతూ, అక్క వైపు చూసి. "మా ఊరి ఆడోళ్ళు బావికాడ ఆ పని దుడ్డు లేకుండా సుమ్మనే చేస్తాండారు కదే!"

ముందు గదిలో యంత్రం, వెనక గదిలో నేనూ నా భార్య నాగమ్మా.

వార్తకు నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ఏ ఊరు, ఏ రోజు, ఏం జరిగింది, ఎవరు చూశారు. చూసినవాడు లేకపోతే వార్త లేదు. మొదటి రెండు వారాలు బండివాళ్ళను పట్టుకుని అడిగాను. వాళ్ళ నోట్లో పడితే ఒక ఎద్దు చావు నాలుగు ఎద్దుల చావయ్యేది. అప్పుడు తట్టింది చిక్కమునియప్ప సంగతి. నలభై ఏళ్ళలో ఊరు గాని, మనిషి గాని, వేళ గాని ఒక్కసారి తప్పు చెప్పినవాడు కాదు. ఆయన తప్పు చెబితే బతికున్న మనిషికి ఏడ్చి రావలసి వచ్చేది మరి.

పిలిపిస్తే వచ్చి రోడ్డు మీదే నిలబడ్డాడు.

"లోపలికి రాప్పా," అన్నాను.

"నేనా? వద్దు సామీ. నేను గడప దాటేది బాగుండదు."

"ఇప్పుడేమన్నా చావు తెచ్చినావా?"

"చావేం లేదు. దోవలో చెరువు తూము ఇరిగిపోయుండాది, అది చూసి వచ్చినా."

"తూము కబురు తెచ్చినోడు రావచ్చు. రా, కూర్చో."

ఆయన కర్ర బయట ఆనించి, కుడికాలు లోపల పెట్టి, ఏమీ కాలేదని చూసుకుని ఎడమకాలు పెట్టాడు. మూలనున్న గోతం మీద కూర్చున్నాడు. ఆ మూల ఆయనదైపోయింది. శనివారం శనివారం వచ్చి, "రాసుకో సామీ" అని మొదలుపెట్టేవాడు. మంచి వార్తలూ కావాలన్నానని ఒకసారి ఒక పెళ్ళివారి ఇంటికి వెళ్ళాడు. "ముహూర్తం ఎప్పుడమ్మా అని అడిగేదానికి పోతే, పెండ్లికూతురి అమ్మ నన్ను చూసి మూర్ఛపోయె. పెండ్లి నేనే నిలిపినట్లాయె," అని తిరిగి వచ్చాడు.

మొదటి వారాల్లో ఆయన వెళ్ళగానే నాగమ్మ ఆ మూల కడిగేది. తర్వాత ఎండలు ముదిరి నీళ్ళు లేక మానేసింది. కిటికీలో అల్యూమినియం గ్లాసు ఒకటి ఆయన కోసం వేరుగా ఉండేది. అది మాత్రం అక్కడే ఉంది. పన్నెండు ఊళ్ళ సంగతులు రాసేవాణ్ణి, ఆ గ్లాసు సంగతి ఇంట్లో ఎత్తలేకపోయాను.

వైశాఖంలో ఒక శనివారం వచ్చి కూర్చుని, నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"రాసుకో సామీ. బిల్లనపల్లి. మొన్న బుధవారం ఒకరు, నిన్న ఒకరు. వాంతి భేది."

నా పెన్సిలు ఆగింది. "అక్క?"

"అమ్మ బాగుండాది. చూసే వచ్చినా. ఇంకా ముగ్గురు పడుకోనుండారు. బావి నీళ్ళు సామీ ఇది. తోపు బావి."

"బావి అని ఎట్ల చెప్తావు? డాక్టరు చెప్పినాడా?"

"డాక్టరు యాడొచ్చినాడు! పడినోళ్ళంతా పెద్ద వీధోళ్ళు. తోపు బావి నీళ్ళు తాగేది వాళ్ళే. ఊరి బయట మా కేరిలో ఒక్క బిడ్డకు కడుపునొప్పి కూడా లేదు. మేము వంకలో చెలమ తవ్వుకొని తాగతాము. ఆ బావి గట్టు తాకేదానికి మాకు లేదు కదా."

ఎవరినో ఎన్ని గంటలకు ఎత్తుతారో చెప్పినట్టే చెప్పాడు. నా కళ్ళు కిటికీలోని గ్లాసు మీదికి పోయాయి. ఆయన అటు చూడలేదు.

పది రోజుల్లో బిల్లనపల్లి అమ్మవారి జాతర. పన్నెండు ఊళ్ళ బళ్ళు ఆ తోపులోనే విడుస్తారు. పానకం, మజ్జిగ, వంటలు, అన్నిటికీ ఆ బావి నీళ్ళే. ఈ వారం రాయకపోతే వచ్చేవారం రాసి లాభం లేదు.

"నీ పేరు ఎయ్యనులే," అన్నాను.

"ఎయ్యకున్నా తెలుస్తాది. మా ఊర్లో నీతో మాట్లాడేవాణ్ణి నేనొకణ్ణే."

"పటేలు ఊరుకుంటాడా?"

"ఇప్పుడు చావులు ఎక్కువైనాయి సామీ. నన్ను తోలేస్తే కబుర్లు ఎవురు మోస్తారు?"

రాసేముందు బావకు ఒక మాట చెప్పడం న్యాయమనిపించి, బండి తోలే రామాంజినప్పతో సంగతి చెప్పి పంపాను. మర్నాడే బండి కట్టుకుని అక్కతో సహా దిగాడు బావ. గదిలోకి రాగానే మూలనున్న గోతం చూశాడు.

"ఇదేనా మీ విలేకరి సింహాసనం?"

"బావా, జాతర నెల రోజులు వెనక్కి జరపండి. బావికి మందు ఏపించండి. అప్పుడు నేను రాసేదేం ఉండదు."

"మందేస్తే నా బావి చెడ్డదని నేనే చాటినట్లు కదప్పా. మా తాత తవ్విచ్చిన బావి అది. కరువులో మూడూర్లు ఆ నీళ్ళు తాగి బతికినాయి. ఇద్దరు ముసిలోళ్ళు పనసపండు తిని కడుపు చెడి పోయినారు. రాస్తే పనసపండు మీద రాసుకో."

"చూసినోళ్ళు చెప్పినారు."

"ఎవురు? వాడా? బావి గట్టు ఎక్కనోనికి నా నీళ్ళ సంగతి ఏం తెలుసు?"

"ఎక్కనోడు కాబట్టే తెలుసు బావా."

బావ మొహం నల్లబడింది. ఎద్దులకు నీళ్ళు పెట్టారో లేదో చూసి వస్తానని బయటికి పోయాడు. అక్క తన మూట విప్పి ఊరగాయ జాడీ నాగమ్మకు ఇచ్చింది. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో కాయలు తడిమి చూసింది.

"యంత్రం తిప్పి తిప్పి చెయ్యి కొయ్యయిపోయె కదరా నారాయణా."

"నువ్వు ఆ నీళ్ళు తాగొద్దక్కా. ఆయనకు నచ్చచెప్పు."

"చిక్కమునియప్ప చెప్పినప్పటినుంచి నేను ఊరి చివరి బావి నీళ్ళే తెప్పిస్తాండా. ఆయనకు తెలీకుండా." గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వు రాసేది రాయి. జనం ఉసురు మనకొద్దు. ఊరు పేరు రాయి, తోపు బావి అని రాయి. ఆయన పేరు మాత్రం ఎత్తొద్దురా. పదిమంది నోట్లో పేరు పడితే ఆ మనిషి ఏం చేస్తాడో ఆయనకే తెలీదు. కాపరం చేసేదాన్ని, నాకు తెలుసు."

"సరే అక్కా," అన్నాను.

సోమవారం మైనపు కాగితం ముందు కూర్చున్నాను. బిల్లనపల్లిలో తోపు ఒక్కటే. తోపులో బావి ఒక్కటే. 'తోపు బావి' అంటే పాలు తాగే బిడ్డకు కూడా తెలుస్తుంది. అక్కడితో ఆగాలి. నేను 'పటేలు ఓబళప్ప తోపు బావి' అని రాశాను. ఎందుకు రాశానో అప్పుడే నాకు తెలుసు. చదివినవాళ్ళు, చూడండప్పా, సొంత బావ అని కూడా చూడలేదు, నిక్కచ్చి మనిషి అనుకోవాలి. నాకు ఆ మాట కావాలి. ఆరేళ్ళు ఎవరెవరివో తప్పులు దిద్దినవాణ్ణి, ఒక్కసారి నా పేరు నలుగురూ అనుకుంటే వినాలనిపించింది.

అనుకున్నారు. బళ్ళ దగ్గర రామాంజినప్ప కాగితం పైకెత్తి గట్టిగా చదువుతుంటే, "అబ్బ, బావనే ఇడిసిపెట్టలేదే!" అని ఎవరో అన్నారు. నేను గదిలోనుంచి విన్నాను.

మూడో రోజు తాలూకా అమల్దారు జాతర నిలిపేశాడు. బావికి వేసే మందు డబ్బాతో హెల్త్ ఇన్‌స్పెక్టరు బిల్లనపల్లికి వెళ్ళాడు. అక్కడ జరిగింది రామాంజినప్ప వచ్చి చెప్పాడు. చుట్టూ పదిమంది మూగారు.

"ఊరంతా ఉండారు. పటేలు తానే చేద ఏసి నీళ్ళు చేదినాడు. చెంబెత్తి గటగటా తాగినాడు. మీసాలు తుడుచుకొని, 'ఈ పొద్దునుంచి నా ఇంట్లో ఈ నీళ్ళు తప్ప ఇంగొక చుక్క తాగేది లేదు, పేరు పెట్టి రాసినోణ్ణి వచ్చి చూసుకోమను' అనినాడు. ఎదురు మాట్లాడేది ఎవురు? ఆ ఆఫీసరు డబ్బా ఎట్ల తెచ్చినాడో అట్లే ఎత్తుకొని పోయె."

జనం నవ్వారు. రామాంజినప్ప నవ్వలేదు. వాళ్ళు కదిలాక నా దగ్గరికి వచ్చి నేల చూస్తూ చెప్పాడు.

"అమాస లోపల ఇల్లు ఖాళీ చెయ్యాలంట సామీ. ఇంగొకటి... మంచికి గాని చెడ్డకు గాని, ఆ ఇంటినుంచి ఈ ఇంటికి కబురు ఉండదంట."

మావాళ్ళలో తిట్టుకుంటారు, గట్టు తగాదాల్లో కొట్టుకుంటారు, కోర్టులకు పోతారు. చావుకు మాత్రం కబురు పంపుతారు. కబురు నిలిపారంటే ఇక ఆ ఇంటికి మనం లేనట్టే.

రోడ్డుకు అవతల కట్టెల డిపో వెనక రేకుల షెడ్డులోకి మారాము. మధ్యాహ్నం రేకుల వేడికి మైనం కరిగి రాసిన అక్షరాలు అలుక్కుపోయేవి. ఒక వార్త రెండుసార్లు, మూడుసార్లు రాయవలసి వచ్చేది. కాగితం మాత్రం వేసిందంతా అమ్ముడైపోయేది. దొమ్మసంద్ర పక్కనుంచి ఎవరో ముసలాయన పని పెట్టుకుని వచ్చి, "మా ఊరి జనం జాతరకు పోలా, నీ పున్నెమే సామీ" అని దండం పెట్టి పోయాడు. ఆయన వెళ్ళాక నాగమ్మ అంది, "పున్నెం ఉండనీలే. ఒకసారి పోయి మీ బావ కాళ్ళు పట్టుకొని వదినను చూసి రారాదా?"

"ఈ వారం కాగితం అయినాక పోతాను," అన్నాను. మరుసటి వారమూ అదే అన్నాను. భయం ఉంది. అంతకన్నా అలసట ఉంది. నడుం వంచితే లేవదు, లేస్తే వంగదు అన్నట్టు ఉండేది ఒళ్ళు.

శనివారాలు చిక్కమునియప్ప కొత్త మూలలో అదే గోతం వేసుకుని కూర్చునేవాడు. అన్ని ఊళ్ళూ అయ్యాక అడిగేవాణ్ణి.

"అక్క ఎట్లుండాది?"

"బాగుండాది సామీ."

"నీళ్ళు కాంచుకొని తాగమని చెప్పినావా?"

"చెప్పినా. కాంచేదానికి లేదంట. నీళ్ళు కాంచితే, బావి చెడ్డదని పటేలు ఇంట్లోనే ఒప్పుకున్నట్లు అంట. పొయ్యికాడ ఆయనే వచ్చి చూస్తాండాడంట."

"ఊరి చివరి బావి?"

"ఇప్పుడు కడవ ఎత్తుకొని ఆ దోవన పోతే ఊరంతా చూస్తాది కదా సామీ. పేరు పెట్టి రాసినాక."

ఆయన తప్పుపట్టి అనలేదు. అడిగినదానికి చెప్పాడంతే.

జ్యేష్ఠం వచ్చింది. ఒక గురువారం పొద్దున మబ్బు పట్టింది. మైనం కరగని రోజు దొరికిందని సంబరంగా రాస్తున్నాను. గుమ్మంలో చిక్కమునియప్ప కనబడ్డాడు. ఆయన వచ్చేది శనివారం. రాయడం ఆపి ఆయన కాళ్ళ వైపు చూశాను. కాని ఆయన రోడ్డు మీద నిలబడలేదు. కర్ర ఆనించి, గడప దాటి లోపలికి వచ్చాడు. గోతం మీద కూర్చున్నాడు. ఏ చెరువో, ఏ బస్సో అనుకున్నాను.

"ఇంత బేగ వచ్చినావే ఈ వారం?"

"రాసుకో సామీ."

"ఊరు?"

"బిల్లనపల్లి."

"రోజు?"

"ఈ పొద్దే. కోడి కూసే యాళకు."

"ఏమి?"

"వాంతి భేది. ఒకరు."

"పేరు?"

"పటేలు ఓబళప్ప పెండ్లాం సొన్నమ్మ. వయసు ముప్పై ఎనిమిది."

నా చెయ్యి రాస్తూనే ఉంది. 'ముప్పై' దాకా రాసింది. నోరు కూడా అలవాటు కొద్దీ తర్వాతి ప్రశ్న అడిగేసింది.

"ఎవరు చూసినారు?"

"నేనే చూసినాను."

వెనక నాగమ్మ చేతిలోది ఏదో కింద పడింది. చిక్కమునియప్ప నా వైపు చూడకుండా, యంత్రం వైపు చూస్తూ, వేళలు చెప్పే గొంతుతోనే చెప్పుకుపోయాడు.

"రెండు దినాలు పడుకోనుండె. నిన్న మాపుసారి మాట నిలిచిపోయె. పొద్దున పటేలు నన్ను పిలిచి పన్నెండు ఊర్లు చెప్పినాడు. మడివాళ చెప్పలా. ఆ గడప ముందర నిలబడి నోరు తెరిస్తే నీ కాళ్ళు ఇరగ్గొడతా అనె. నేను నిలబడలేదు సామీ. కబురు చెప్పేదానికి నేను రాలా. కాగితానికి రాయిచ్చేదానికి వచ్చినా, ఎప్పుడూ వచ్చేటట్లు. ఎవురన్నా అడిగితే అట్లే చెప్పు."

"పన్నెండు ఊర్లు..." అన్నాను. ఏం అంటున్నానో తెలియదు.

"వాటికి నా కొడుకుల్ని తోలినా. పొద్దు వాలకముందే ఎత్తుతారు. పన్నెండు గంటల బస్సు మిట్టకాడ నిలిచిపోకుంటే నువ్వు అందుకుంటావు."

అంతవరకు చెప్పి, ఆయన నాగమ్మ వైపు తిరిగాడు.

"దప్పికగా ఉండాదమ్మా. నీళ్ళిప్పించు."

చావు కబురు తెచ్చినవాడు దాహం అడగడు. నాగమ్మ ఏడుస్తూనే లోపలికి పోయి, మేము తాగే చెంబుతో నీళ్ళు తెచ్చింది. గ్లాసు కోసం చూసిందో, చూడటం మరిచిపోయిందో నేను అడగలేదు. చిక్కమునియప్ప ఆ చెంబును చూసి దోసిలి పట్టబోయి, మానుకుని, చెంబు అందుకుని నీళ్ళన్నీ తాగాడు.

బస్సు మిట్ట దగ్గర నిలిచిపోలేదు. బావ నన్ను చూశాడు. పొమ్మనలేదు, రమ్మనలేదు. నెల రోజులుగా ఆ నీళ్ళే తాగిన మనిషి రాయిలాగా నిలబడి ఉన్నాడు. నేను అందరికీ వెనక నిలబడి, అందరితోపాటు నడిచి, అందరికన్నా ముందు తిరిగి వచ్చేశాను.

ఆ వారం కాగితం మానేద్దామని నాగమ్మ అంది. శుక్రవారం మళ్ళీ మైనపు కాగితం ముందు కూర్చున్నాను. సంతలో రాగుల సంగతి మొదటిది. బస్సు వేళలు మారిన సంగతి రెండోది. మూడోది అక్క. ఊరు, రోజు, ఏం జరిగింది, ఎవరు చూశారు. చూసినవాడిగా చిక్కమునియప్ప పేరు వేయనా అని ముందే అడిగాను. వెయ్యమన్నాడు.

చివరికి ఏ నీళ్ళు తాగిందో రాయాలి. అది రాయకపోతే మిగతాదంతా రాసి ఉపయోగం లేదు.

'తోపు బావి' అని రాశాను. అంతే రాశాను. బళ్ళ దగ్గర రామాంజినప్ప చదివి వినిపిస్తే, ఏ తోపు, ఎవరి బావి అని ఒక్కడు కూడా అడగలేదు.